చూసే పిట్టకు రెక్కలు లేవా అన్న గార్డమ్మ

పక్కింట్లో టీవీ మోగుతోంది. కథ అయిపోతోంది, మళ్లీ అదే కథ మొదలవుతోంది, మళ్లీ అయిపోతోంది. మీరైతే లేచి వెళ్లి తలుపు తడతారా? ఆలోచించి చెప్పకండి. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

మా గల్లీలో ఎవరూ తట్టలేదు. భోజనాల వేళ మొదలైన ఆ ఇంగ్లీషు సీరియల్ సాయంత్రం పాలాయన వచ్చేదాకా నడుస్తూనే ఉంది. పాలాయన గిన్నె కోసం పిలిచాడు, జవాబు లేదు. లోపలికి తొంగి చూసి కేక వేశాడు. మేమంతా అప్పుడు పరుగెత్తాం.

గార్డమ్మ పోయింది. కుర్చీలోనే, తల పక్కకు వాలి, నిద్రపోయినట్టు పోయింది. పక్క కుర్చీలో ఆమె భర్త, డోర్నకల్‌లో రైలు గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి, వేలు పెదవుల మీద పెట్టి మమ్మల్ని గదమాయించాడు. "ష్! లొల్లి చెయ్యకుండ్రి. ఇప్పుడే కన్ను మలిగింది."

ఆమె తెల్లజుట్టు నిండా పసుపు బియ్యం. కథ ముగిసినప్పుడల్లా తలమీద అక్షింతలు వేయడం ఆ ఇంటి అలవాటు. కథ ముగిసిన ప్రతిసారీ ఆయన వేశాడు. ఎన్నిసార్లు ముగిసిందో ఆ తలను చూస్తే తెలిసింది.

గుండె ఒక్కసారిగా ఆగిందని, దగ్గర ఎవరున్నా చేసేదేమీ ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. ఆ మాట వినగానే గల్లీ అంతా తేలికపడింది. నాకు మాత్రం ఆ మాట గొంతు దిగడం లేదు. అందుకే రాస్తున్నాను.

నన్ను ఎరిగినవాళ్లకు నా సంగతి తెలుసు. నేను గురుముఖంగా శాస్త్రం చదివినవాణ్ణి కాను. వరంగల్ స్టేషను అవతల ఇత్తడి సామాను దుకాణంలో గల్లా ముందు కూర్చుని, బేరాలు లేనప్పుడు ఒక్కో అక్షరం కూడబలుక్కుని పురాణం నేర్చుకున్నవాణ్ణి. శనివారాలు ఆంజనేయస్వామి గుడి ముందు షామియానా కింద మైకు పట్టుకుంటాను. గట్టిగా మాట్లాడతానని పేరు. తిడతానని కూడా పేరు. ఆ పురాణ గ్రంథం చంకలో లేకుండా గడప దాటను.

గార్డమ్మతో పరిచయమే తిట్టుతో మొదలైంది. ఆ దంపతులు డోర్నకల్ నుంచి వచ్చి మా గల్లీలో ఇల్లు తీసుకున్న కొత్తలో ఒక శనివారం నేను టీవీ మీద విరుచుకుపడ్డాను. అది ఇంట్లో పెట్టుకున్న కలిపురుషుడన్నాను. దేవుడికి దీపం పెట్టే వేళ దానికి దీపం పెడుతున్నారన్నాను. జనం తలలూపుతున్నారు. ఇంతలో కొంగు నడుముకు దోపుకుని ఒకామె షామియానాలోకి వచ్చి నిలబడింది.

"తమ్మీ, మైకు జర తక్కువ పెట్టరాదు? ఆడ మాకు కథ నడుస్తాంది. ఒక్క ముక్క ఇనవడ్తలేదు."

జనం ఘొల్లుమన్నారు. నాకు ఒళ్లు మండింది. "ఏం కథ అక్కా? అత్తాకోడళ్ల కొట్లాటనా?"

"కాదు. ఒగాయన సుక్కల మీదికి పోయిండు. ఆడ వాన మిషను నడిపే పని ఆయనది. మిషను ఈ సుక్క మీద, వానేమో ఇంకో సుక్క మీద పడ్తది. ఆయన మీద ఒక్క సినుకు పడదు. బతుకంత గదే పని. చెప్పు, మీ పురాణంల గసొంటోడు ఉన్నడా?"

ఆమె వెళ్తూ వెళ్తూ అన్నది, "సూసి తిట్టు తమ్మీ. సూడకుండ తిడ్తే ఆ తిట్టు నీ మీదనే వడ్తది."

మర్నాడు మధ్యాహ్నం గ్రంథం చంకన పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. యుద్ధానికి వెళ్లినట్టే వెళ్లాను.

ముందు గదిలో రెండు పేము కుర్చీలు, వాటి మధ్య ఒక స్టూలు, స్టూలు మీద రాగి గిన్నెలో పసుపు కలిపిన బియ్యం. ఎదురుగా టీవీ, దాని కింద క్యాసెట్లు పెట్టి చూసే పెట్టె. ఆ క్యాసెట్లు ఎప్పుడో హనుమకొండలో మూతపడుతున్న వీడియో దుకాణం నుంచి గార్డు తెచ్చినవట. ఇంటికి తెచ్చి చూస్తే అన్నీ ఒకే సీరియల్. నలుపు తెలుపు. ఏ దేశానిదో, మా అందరికంటే పాతది. పేరుకు సీరియలే గాని వారం వారం సాగే కథ కాదు. ప్రతిసారీ కొత్త మనుషులు, కొత్త ఊరు, కొత్త ఆపద. పోయిన వారం చూసినవాళ్లు ఈ వారం కనబడరు. ఎప్పుడూ కనబడేది ఒక్కడే. నల్లకోటు వేసుకున్న ఒకాయన. కథ మొదట్లో వచ్చి ఒక మూల నిలబడి మనవైపు తిరిగి నాలుగు మాటలు చెబుతాడు. చివర్లో మళ్లీ వచ్చి రెండు మాటలు చెబుతాడు. ఆ గదిలో ఉన్నవాళ్లకు ఆయన కనిపించడు.

గార్డుకు వచ్చింది రైల్వే ఇంగ్లీషు. గార్డమ్మకు అదీ రాదు. ఆయన పది మాటలకు ఒక మాట తెలుగులో చెబితే, మిగతా తొమ్మిదీ ఆమె తన బుద్ధితో పూరించుకునేది. అలా పూరించుకోవడంలోనే ఒక పొరపాటు జరిగింది. ఆ కోటాయనను ఆమె చిత్రగుప్తుడనుకుంది.

నవ్వకండి. ఆమె లెక్క ఆమెకుంది. ఆయనకు అందరి సంగతీ తెలుసు. ఎవరికీ కనబడడు. ఒక మనిషికి ఆపద వచ్చేముందే వచ్చి నిలబడతాడు. అంతా అయిపోయాక తీర్పులాగా రెండు ముక్కలు చెప్పి పోతాడు. ఇంకెవరవుతాడు? అందుకే ఆయన రాగానే ఆమె గుప్పెట్లోకి అక్షింతలు తీసుకునేది, వ్రతకథకు తీసుకున్నట్టు. కథ అయ్యాక గార్డు తల మీద కొన్ని, తన తల మీద కొన్ని వేసేది. మధ్యలో ఎవరూ లేవకూడదు. వినేవాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టకపోతే అక్కడికక్కడే కథ ఆపేసేది.

ఆయన చిత్రగుప్తుడు కాదని, కథ చెప్పే మనిషేనని చాలా రోజుల తర్వాత గార్డు ఒప్పించాడు. అప్పుడు ఆమెకు కోపం వచ్చింది.

"దేవుడైతే ఆయన పని గంతే అనుకున్న. మనిషైతే మరి ఎందుకు చెప్పడు? పక్కనే నిలవడ్డడు. ఆ పిల్ల ఆ తలుపు తెరిస్తే ఏమైతదో ఎర్కున్నది. 'వద్దు బిడ్డా' అంటె నోరు పడిపోతదా?"

ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. గ్రంథం ఒళ్లో పెట్టుకుని చెప్పాను. ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి అక్కా, ఒకటి పండు తింటుంది, సుఖపడుతుంది, ఏడుస్తుంది. రెండోది ఏమీ తినదు, ఊరికే చూస్తుంది. ఆ చూసేదే సాక్షి. అదే పరమాత్మ. కోటాయన కూడా అటువంటి సాక్షే అనుకో.

మైకు ముందు ఈ మాట చెబితే జనం చేతులు జోడిస్తారు. గార్డమ్మ గిన్నెలో బియ్యం కలుపుతూనే అన్నది.

"మంచిగనే ఉన్నది తమ్మీ. గని చూసే పిట్టకు రెక్కలు లేవా?"

గార్డు పకపకా నవ్వాడు. "ఏం బామ్మర్దీ, సిగ్నల్ పడలేదా? బండి ఆగిపాయె!"

ఆగిపోయింది. నిజంగానే. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఉంది.

తిట్టడానికి వెళ్లినవాణ్ణి తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే చెప్పడం కష్టం. ఆ సీరియల్లో రాకెట్టు చూస్తే అట్టముక్క అని తెలిసిపోతుంది. ఇంకో గ్రహం నుంచి వచ్చిన భూతానికి మెడ దగ్గర కుట్లు కనిపిస్తాయి. గాలిలో తేలే పళ్లేనికి కట్టిన దారం కూడా కనిపిస్తుంది. మా దుకాణంలో పిల్లలు ఆడుకునే ఇత్తడి బొమ్మలే నయం. కానీ ఆ పళ్లేన్ని చూసి వెనక్కి అడుగు వేసిన మనిషి ముఖంలో భయం అట్టముక్క కాదు. దారాలు కనబడినా ఆ భయం పాతబడలేదు. ఇవాళ్టి సినిమాల్లో భూతానికి కుట్లు కనబడవు. చూసినవాడికి నిద్ర మాత్రం బాగా పడుతుంది.

ఇంకొక కథ ఉంది. ఒక పట్నంలో జనం తమ దుఃఖాన్ని ఒక యంత్రంలో వదిలేసి తేలిగ్గా ఇంటికి పోతుంటారు. రోజులు గడిచేకొద్దీ యంత్రం మూలగడం మొదలుపెడుతుంది. దాన్ని బాగుచేయడానికి వచ్చినవాడు చెవి ఆనించి వింటాడు. అంతే, అక్కడ కథ ఆగిపోతుంది. గార్డమ్మకు పిల్లలు లేరు. ఆ కథ అయ్యాక ఆమె అక్షింతలు గుప్పెట్లోనే పట్టుకుని, "ఎవరన్న దాన్ని ఎత్తుకుంటె అయిపోవు" అన్నది. నేను ఎన్నో సభల్లో ఎన్నో వ్యాఖ్యానాలు విన్నాను. అంత చిన్న వ్యాఖ్యానం వినలేదు.

నేనూ ఒకరోజు ఒక పురాణకథ చెప్పాను. ఒక రాజు తన కూతురికి తగిన వరుడెవరో అడుగుదామని ఆమెను తీసుకుని బ్రహ్మలోకం వెళతాడు. అక్కడ పాట జరుగుతుంటే ఒక్క నిమిషం ఆగుతాడు. తిరిగి వచ్చేసరికి భూమ్మీద యుగాలు గడిచిపోయి ఉంటాయి. తన ఊరు లేదు, తన వాళ్లు లేరు.

గార్డమ్మ కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. "ఇది ఏ క్యాసెట్ల ఉన్నది? నేను సూడలేదే!"

"అక్కా, ఇది మన పురాణం."

"మరి గింత మంచి కథలు పెట్టుకొని శనివారం శనివారం మమ్ముల తిడుతవేంది?"

ఆ శనివారం నుంచి నేను తిట్టడం కొంత తగ్గించాను. నమ్మకపోతే మా గల్లీవాళ్లను అడగండి.

గార్డుకు మాత్రం అన్నిటికంటే ఒక స్టేషను కథ ఇష్టం. ఒక చిన్న స్టేషనుకు రోజూ ఒక బండి వస్తుంది. దానిలోంచి దిగేవాళ్లంతా ఆ ఊరివాళ్లే, కానీ రాబోయే కాలం నుంచి వస్తున్నవాళ్లు. ముసలివాళ్లయి దిగుతుంటారు. స్టేషను మాస్టరు రోజూ ప్లాట్‌ఫారం మీద నిలబడి, దిగేవాళ్లలో ముసలివాడైన తనను వెతుక్కుంటాడు. కనబడడు. ఒకరోజు తన భార్య దిగుతుంది, తల నెరిసి, ఒంటరిగా. దానితో ఆయనకు తెలిసిపోతుంది, తాను అంత దూరం రాడని. ఆ ముసలామె నేరుగా ఆయన దగ్గరికి వచ్చి, ఏమీ చెప్పకుండా, ఆయన కోటుకు ఊడిపోయిన గుండీ పెడుతుంది. బండి కూత వేస్తుంది. కోటాయన మూలనుంచి చూస్తుంటాడు.

ఆ కథ వచ్చినప్పుడల్లా గార్డు, "గంతే, మొగోడే ముందు పోవాలె, లైను క్లియరు" అనేవాడు. గార్డమ్మ ఊఁ అనేది.

కొన్నేళ్ల కింద గార్డుకు మతిమరుపు మొదలైంది. ముందు తాళాలు, తర్వాత మనుషుల పేర్లు, తర్వాత నిన్న అనేదే పోయింది. హనుమకొండ దవాఖానల చుట్టూ తిరిగారు. ఇది తగ్గేది కాదని, నెమ్మదిగా పెరిగేదని చెప్పారు. అంతకుముందే క్యాసెట్ల పెట్టె చెడిపోయింది. సుబేదారిలో ఉండే గార్డమ్మ తమ్ముడు ఆ కథలన్నీ ఎక్కడో సంపాదించి పెన్‌డ్రైవులో వేసి టీవీకి పెట్టించాడు.

అప్పుడు నాకొక సంగతి తెలిసింది. గార్డు ఇంకే కార్యక్రమమూ చూడలేకపోయేవాడు. మామూలు సీరియల్ పెడితే, "ఈమె ఎవలు? ఎందుకేడుస్తాంది?" అని పరేషాన్ అయ్యేవాడు. నిన్నటిది గుర్తుంటే కదా నేటిది అర్థమయ్యేది! ఈ పాత సీరియల్‌కు ఆ బాధ లేదు. నిన్న చూశావా అని అది అడగదు. ప్రతి కథా కొత్తగా మొదలవుతుంది, ఆయన బుర్రలాగే. లోకంలో ఆయనను గుర్తుపట్టడం మానేయని కార్యక్రమం అదొక్కటే. ఎంతోమంది దానిని గొప్పదంటారట, ఏవేవో కారణాలు చెబుతారట. నాకు తెలిసిన గొప్పతనం ఇది. మతి పోయినవాడికి కూడా దానిలో కూర్చోవడానికి చోటుంది.

ఆమె రోజూ భోజనాలయ్యాక ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, బియ్యంలో పసుపు కలిపి, రిమోటు నొక్కేది. ఒక కథ అయ్యాక ఇంకొకటి మార్చేది. మార్చే పని ఆమెది. ఊఁ కొట్టే పని మాత్రం ఇద్దరిదీ. ఆయన బొమ్మవైపు చూసి ఏదో అనేవాడు, ఆమె ఊఁ అనేది. ఆ ఊఁ వినబడితే చాలు, ఆయన ముఖం నెమ్మదించేది.

ఆ రోజుల్లో ఒకసారి ఆమె నా దుకాణానికి వచ్చింది. రాగి గిన్నెకు సొట్ట పడిందని వంక. మిర్చి సీజను, బజారంతా ఘాటు. ఇద్దరం తుమ్ముతూనే మాట్లాడుకున్నాం.

"తమ్మీ, నువ్వు దేవునికి దగ్గరోనివి. ఒక మాట అడుగుత, తిట్టద్దు."

"అడుగు అక్కా."

"నేను ముండమొయ్యాలె అని మొక్కుకుంటాన. గట్ల మొక్కుకుంటె పాపమా?"

నా చేతిలో సుత్తి ఆగిపోయింది. మన ఆడవాళ్లు ఏ నోములో ఏమని మొక్కుకుంటారో మీకు తెలుసు. పసుపు కుంకుమలతో పోవాలని, భర్త చేతిమీదుగా పోవాలని. తరతరాలుగా అదొక్కటే మొక్కు. ఈమె తిప్పి మొక్కుకుంటోంది.

"ఏం మాటలక్కా అవి!"

"మరి నేను ముందు పోతె ఆయనను ఎవరు సూస్తరు? ఆయనకు నా పేరు గూడ యాదికి లేదు. గని నేను ఊఁ అంటె ఎర్కవడ్తా. ఆయనను సాగనంపి, బొట్టు తీసి, గాజులు పగలగొట్టుకొని, తెల్లారి నేను పోయినా మంచిదే. నువ్వు పొద్దుమాపు దేవునితోని మాట్లాడుతవు గదా. నా మాట గూడ ఒకటి ఎయ్యి."

నేను వేశాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ప్రతి ఉదయం దీపం ముందు, ఒక మంచి మనిషి విధవ కావాలని, నోరు తెరిచి దేవుణ్ణి అడిగాను. ఏ ప్రవచనకారుడూ అడిగి ఉండడు. అంత నిజాయితీగా నేను ఇంకేదీ అడగలేదు కూడా.

ఇక విన్నారు కదా ఏం జరిగిందో.

ఆ సాయంత్రం గల్లీ ఆడవాళ్లంతా వచ్చారు. ఆమెకు స్నానం చేయించారు, ఎర్రచీర కట్టారు, ఇంత కుంకుమ పెట్టారు, చేతుల నిండా గాజులు వేశారు. "ఎంత అదృష్టమమ్మా! ముత్తైదువ సావు!" అన్నారు. "పెట్టి పుట్టాలె" అన్నారు. కొత్తగా పెళ్లయిన కోడళ్లను ముందుకు తోసి, ఆమె కాళ్లకు మొక్కించి, ఆమె నుదుటి కుంకుమ తీసి వాళ్ల పాపిట్లో పెట్టారు. మాకూ ఇట్లాంటి చావు ఇవ్వమని దండాలు పెట్టారు.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ గదిలో ఆమె ఈ ఆఖరి ఏళ్లంతా దేనికి భయపడిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వాళ్లు ఏ భాగ్యానికి దండం పెడుతున్నారో, అదే ఆమెకు పడిన శిక్ష అని అరవాలనిపించింది. అరవలేదు. మూల నిలబడి చూశాను. కోటు ఒక్కటే తక్కువ.

గార్డు పాడె పక్కన నిలబడి, "ఎవలిది? పాపం, ఎవలు పోయిండ్రు?" అని అందరినీ అడుగుతున్నాడు. చితికి నిప్పు ఆయన చేతనే పెట్టించారు. పెట్టి వెనక్కి తిరిగి, "ఆమె ఇంటికాడ ఒక్కతే ఉన్నది, జల్ది పోదాం" అన్నాడు.

ఇప్పుడు మీకు అసలు కష్టం చెప్పాలి. ఆయన రోజూ అడుగుతున్నాడు, "మీ అక్క ఏది?" అని. నేను సత్యం మీద ఎన్ని శనివారాలు మాట్లాడానో! రాజ్యం పోయినా, ఆలిని అమ్ముకున్నా అబద్ధమాడని రాజు కథ చెప్పి ఎంతమందిని ఏడిపించానో! అందుకని మొదటిరోజు నిజమే చెప్పాను. "బావా, అక్క పోయింది" అన్నాను. ఆయన కుప్పకూలాడు. నేలమీద తల కొట్టుకుని ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి అలసి, నీళ్లు తాగి, నా ముఖం చూసి, "బామ్మర్దీ, మీ అక్క ఏది?" అన్నాడు.

నిజం చెప్పిన ప్రతిసారీ ఆమె మళ్లీ కొత్తగా చచ్చిపోతుంది. అబద్ధం చెబితే వెతకడానికి బయలుదేరుతున్నాడు. గ్రంథం తెరిచాను. ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకు తిప్పాను. శోకించకు అని ఉంది. ఎవరికి చెప్పను? శోకం గుర్తుండనివాడికా? నా జీవితంలో మొదటిసారి గ్రంథం మూసి స్టూలు మీద పెట్టి, చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఓదార్పు దొరకలేదు. మీకు పంచడానికి నా దగ్గర లేదు. ఉన్నట్టు నటించను.

పదకొండో రోజుదాకా ఆ ఇంట్లో కుర్చీలు చాలలేదు. వడ్డనలైపోయాయి, విస్తర్లు లేచాయి, జనమూ లేచారు. ఇప్పుడు పొద్దున వంటామె వచ్చి చేసిపెట్టి, మధ్యాహ్నం తినిపించి, టీవీ పెట్టి వెళుతుంది. రాత్రికి గార్డమ్మ తమ్ముడు సుబేదారి నుంచి వచ్చి పడుకుంటాడు. నడుమ సాయంత్రం ఉంది. అక్షింతల వేళ. ఆ వేళకు ఎవరూ లేరు. దుకాణం నుంచి తప్పించుకుని నేను వెళ్లిన రోజు సరే, వెళ్లలేని రోజు ఆయన ఒక్కడే.

మొన్న నేను వెళ్లలేని రోజున ఆయన ఇంట్లోంచి బయలుదేరాడు. గల్లీ దాటాడు, అండర్ బ్రిడ్జి దగ్గరికి పోకుండా పాత అలవాటున పట్టాలు దాటి స్టేషనుకు పోయాడు. దారిలో పలకరించినవాళ్లున్నారు. "ఏం సార్, ఎటు పోతానవ్?" అన్నారు. ఆయన "మా ఆమె వస్తాంది, దించుకొనొస్త" అన్నాడు. వాళ్లు "మంచిది సార్" అని పక్కకు తప్పుకున్నారు. ప్లాట్‌ఫారం మీద బండి ఆగితే ఒక్కో పెట్టె దగ్గరికి పోయి, దిగే ఆడవాళ్ల ముఖాలు చూస్తున్నాడట. పోర్టరొకాయన గుర్తుపట్టి తీసుకొచ్చాడు. చేతిలో ఏముందో తెలుసా? గుప్పెడు పసుపు బియ్యం.

గార్డమ్మ తమ్ముడు మంచివాడు. ఉద్యోగం ఉంది, ఇంట్లో మంచం పట్టిన తల్లి ఉంది. నా ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. "అన్నా, పట్టాల మీద ఏమన్న అయితే అక్కకు ఏం ముఖం చూపెట్టాలె? హనుమకొండల ముసలోళ్ల హోమున్నది, మంచిగనే చూస్తరట. వచ్చే ఆదివారం తోలుకపోత. సాయంత్రం పూట రోజూ ఎవరన్న ఉంటె నేనెందుకు తోలుకపోత? ఎవరుంటరు?"

"అక్కడ ఆయనకు గోడలు కూడా ఎర్కుండవు గదా తమ్మీ" అన్నాను.

"నాకు ఎర్కలేదా అన్నా?" అన్నాడు. "ఎవరుంటరో చెప్పు."

నేను గత శనివారం షామియానా కింద చెప్పాను. చేతులు జోడించి అడిగాను. అందరూ "అయ్యో" అన్నారు. ఒకామె కన్నీళ్లు పెట్టుకుంది. "పాపం, ఎట్లుండె గార్డు సారు!" అన్నారు. ప్రసాదం తీసుకుని ఇళ్లకు పోయారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. అందరికీ అన్నీ తెలుసు. అందరూ మూల నిలబడి, అయ్యాక రెండు మంచి మాటలు చెప్పగలవాళ్లే.

మైకు మీద నమ్మకం పోయింది నాకు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇది గార్డమ్మకు నివాళి అనుకుంటే ఇక్కడితో మడిచిపెట్టి పడేయండి. ఆమెకు నివాళి అక్కర్లేదు. ఆమె అడిగింది ఒకే ప్రశ్న, దానికి నేను ఇన్నేళ్లలో జవాబు చెప్పలేకపోయాను. మీ దగ్గర ఉందా? మీ చెట్టు మీద మీరూ కూర్చునే ఉన్నారు. పక్క కొమ్మ మీద ఎవరో చేదుపండు కొరుకుతూనే ఉన్నారు.

ఆ ఇంటి తలుపుకు గొళ్లెం వేసి ఉండదు. గదిలో రెండు పేము కుర్చీలున్నాయి. ఒకదాంట్లో తెల్లచొక్కా వేసుకున్న ముసలాయన, పైగుండీ ఊడిపోయి ఉంటుంది. టీవీలో నల్లకోటు మనిషి ఏదో చెబుతుంటాడు. స్టూలు మీద బియ్యం గిన్నె. ఆయన ఒక మాట అని, పక్కకు తిరిగి, ఖాళీ కుర్చీ వైపు చూస్తూ ఆగి ఉంటాడు. ఆ కుర్చీ ఊఁ అనేదాకా ఆయన తల తిప్పడు.

ఆదివారం దాకా ఆగకండి. మా గల్లీవాళ్లయితే ఈ కాగితం కింద పెట్టి, మీరు వేరే ఊరివాళ్లయితే మీ గల్లీలో ఏ ఇంట్లో టీవీ ఒంటరిగా మోగుతోందో చెవి పెట్టి విని, ఇవాళే, ఈ సాయంత్రమే, పొయ్యి మీద చాయ్ మరిగేలోపే లేచి వెళ్లండి. చెప్పులు విడిచి లోపలికి పోయి, ఆ ఖాళీ కుర్చీలో కూర్చోండి. కథ నడుమ వచ్చామని ఫికర్ పడకండి. ఊఁ అనండి.